స్కూలు సామాన్ల కోసం చిట్టీ పాడొద్దు

అంబర్‌పేట నుంచి ఒక గృహిణి అడిగారు: "మావారి జీతం 34 వేలు. పిల్లలు మూడు, ఏడు తరగతులు, సీబీఎస్‌ఈ. పుస్తకాలు, నోట్‌బుక్స్, యూనిఫాం, బ్యాగులు అన్నీ కలిపి 24 వేలు కట్టమంటోంది స్కూలు. చేతిలో 8 వేలే ఉన్నాయి. లక్ష చిట్టీ ఇప్పుడు పాడితే 78 వేలు వస్తాయి. పాడమంటారా?"

వద్దమ్మా. 24 వేల బిల్లు కోసం 22 వేలు వదులుకోవడం నాకు మనసొప్పడం లేదు. ముందు ఆ 24 వేలను విడగొట్టండి, దేనికెంతో రాసిమ్మని స్కూల్లో అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, స్కూలు ఆవరణలో యూనిఫాం, షూ, బెల్టు అమ్మకూడదని, పుస్తకాలు అమ్మినా లాభాపేక్ష లేకుండా అమ్మాలని 2024లో హైదరాబాద్ జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆదేశాలిచ్చారు.

పుస్తకాల్లో పిల్లలు రాయాల్సిన వర్క్‌బుక్స్ మాత్రం కొత్తవే కొనాలి. మిగతావి పై తరగతికి వెళ్లిన పిల్లల దగ్గర అడగండి, దొరక్కపోతే మీకు దగ్గరే కదా, కోఠిలో పాత పుస్తకాల షాపులు చూడండి, ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్‌లు కూడా. ఒక్క జాగ్రత్త: ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పుస్తకాలు 2024లో, ఏడో తరగతివి 2025లో మారిపోయాయి, అంతకుముందువి ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లు ఉచితంగానే ఉంటాయి కాబట్టి ఒకటి రెండు పుస్తకాలు ఆలస్యంగా దొరికినా చదువు ఆగదు, టెన్షన్ పడకండి.

నోట్‌బుక్స్ దగ్గరే ఎక్కువ మిగులుతుంది. స్కూలు పేరు అచ్చేసిన అట్టకి డబ్బులు పెట్టడం నాకైతే అస్సలు నచ్చదు. నోట్‌బుక్స్, పెన్సిళ్లు, రబ్బర్లు, షార్ప్‌నర్ల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ లేదు, బిల్లులో వేస్తే అడగండి. మీ వీధిలో నలుగురు తల్లులు కలిసి బేగంబజార్ వెళ్లి డజన్ల లెక్కన తెచ్చుకుని పంచుకోండి, ఆటో ఖర్చు కూడా పంచుకోవచ్చు. కొనేముందు పేజీలు లెక్క చూడండి, ధర తక్కువని తీసుకుంటే పేజీలూ తక్కువే ఉంటాయి ఒక్కోసారి.

యూనిఫాం ఒక్క జతే ఇప్పుడు, రెండోది జులై జీతంలో. కాస్త పెద్ద సైజు తీసుకుని కింద మడత పెట్టి కుట్టించండి, షూ మాత్రం సరిపడా సైజే, కాళ్లు బొబ్బలెక్కితే పాపం పిల్లలే బాధపడతారు. బ్యాగు జిప్పు పోతే జిప్పు మార్పించండి, చాలు.

ఇలా చేస్తే 15 వేల దగ్గరికి రావాలని నా అంచనా. మీ 8 వేలు పోగా మిగిలే 7 వేలు రెండు జీతాల్లో సర్దుకోవచ్చు. జులై నుంచి నెలకు 1,500 చొప్పున పది నెలల గడువు ఇచ్చే బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) మొదలుపెట్టండి, వచ్చే మే నెలకి 15 వేలు, పైన కొంత వడ్డీ చేతికొస్తాయి. చిట్టీ చివరిదాకా అలాగే ఉంచండి, పెద్దబిడ్డ పదో తరగతికి వచ్చేసరికి ఆ డబ్బు అవసరం పడుతుంది.