తెరను చింపే ముందు కొలవాలి

తమ్ముడూ, వందనాలు.

దేవుని సన్నిధిలోకి ధైర్యంగా ప్రవేశించడం గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి వాక్యంలోనే తెర చినిగిపోయింది, యేసు మరణ సమయంలో చినిగిందని సువార్తలు చెప్పే ఆలయపు తెర. అక్కడే తొందరపడ్డావు. ఆ తెర దేనికి అడ్డంగా వేలాడేదో, దాన్ని దాటాలంటే ఏమేం చేయాల్సి వచ్చేదో తెలియని పాఠకుడికి అది చినిగితేనేం, చినగకపోతేనేం? ముందు దూరం రాయి.

ఆ దూరానికి కొలతలున్నాయి. నిర్గమకాండంలో ప్రత్యక్షపు గుడారం, అంటే ఆలయం కట్టకముందు ఇశ్రాయేలీయుల ఆరాధనా స్థలం. దాని ఆవరణం 100 మూరల పొడవు, 50 మూరల వెడల్పు. మూరంటే సుమారు అడుగున్నర. అందులో 30 మూరల గుడారం. దాని పడమటి కొసన అతిపరిశుద్ధ స్థలం, దేవుని సన్నిధి నిలిచే లోపలి గది. దానికి అడ్డంగా నీల, ధూమ్ర, రక్తవర్ణాల నూలుతో, కెరూబుల (రెక్కలున్న పరలోక జీవుల) బొమ్మలతో నేసిన తెర, బంగారు రేకు తొడిగిన నాలుగు తుమ్మకర్ర స్తంభాల మీద. లోపల మందసం, అంటే ఆజ్ఞల పలకలుంచిన పెట్టె, దాని మీద కరుణాపీఠం. పీఠం అనగానే మనకు కూర్చునే పీట తోస్తుంది. అది మందసానికి మూత: మేలిమి బంగారం, రెండున్నర మూరల పొడవు, ఒకటిన్నర వెడల్పు. ఈ మాట ఒక్క ముక్కలో చెప్పేయి, లేకపోతే రక్తం ఎక్కడ చిలకరించారో ఎవరికీ కనిపించదు.

తర్వాత లేవీయకాండం 16వ అధ్యాయం. ఏడో నెల పదో రోజు. వరుస తప్పితే అర్థం తప్పుతుంది. ప్రధానయాజకుడు స్నానం చేసి నారబట్టలు కట్టుకుంటాడు. ఏది బలికి, ఏది అడవికి అని రెండు మేకల మీద చీట్లు వేస్తాడు. ముందు తన పాపం కోసం, తన ఇంటివాళ్ల కోసం కోడెను వధిస్తాడు. బలిపీఠం మీది నిప్పులు నింపిన ధూపార్తి (ధూపం వేసే పాత్ర), రెండు చేతుల నిండా ధూపద్రవ్యం తీసుకుని తెర లోపలికి వెళ్తాడు. పొగ కరుణాపీఠాన్ని కమ్మాలి, కమ్మకపోతే చస్తాడు. అప్పుడు కోడె రక్తాన్ని వేలితో కరుణాపీఠం మీద, దాని ఎదుట ఏడుసార్లు చిలకరిస్తాడు. ఆ తర్వాతే ప్రజల కోసం మేక రక్తం. మిగిలిన మేక తల మీద రెండు చేతులూ ఉంచి, జనం పాపాలు ఒప్పుకుని, అడవికి తోలించేస్తాడు. చూశావా, ఆ అధ్యాయం చివర ‘ఏడాదికి ఒక్కసారి’ అన్నది ఒక్క రోజని. ఆ రోజు లోపలికి వెళ్లింది ఒక్కసారే కాదు.

యాజకుడి నడుముకి తాడు కట్టేవారని, గంటల చప్పుడు ఆగితే శవాన్ని బయటికి లాగేవారని రాశావు. కొట్టెయ్. అది బైబిల్లో లేదు, మధ్యయుగాల యూదు రచనల్లో తేలిన కథ. పైగా గంటలుండేది నీలి నిలువుటంగీ అంచుకి. ఆ రోజు తెర దాటేటప్పుడు ఒంటి మీదున్నది నారబట్టలు. ప్రసంగంలో బాగా పండుతుంది గానీ అచ్చులో నిలవదు.

ఇక మాటల సంగతి. ‘బలి’ అనగానే మన పాఠకుడికి జాతర కళ్లముందుకొస్తుంది: అమ్మవారు కోపించింది, వేట వేసి శాంతింపజేయాలి. లేవీయకాండం 17:11 దీన్ని తిరగేస్తుంది. రక్తాన్ని బలిపీఠం మీద మీకు ఇచ్చింది నేనేనంటాడు దేవుడు. ‘ప్రాయశ్చిత్తం’తోనూ ఇదే చిక్కు. మన వాడుకలో తప్పు చేసినవాడు తానే చేసుకునేది ప్రాయశ్చిత్తం. అక్కడ యాజకుడు అతని కోసం చేస్తాడు. ఈ రెండు మాటలూ విప్పకుండా సిలువ దగ్గరికి వెళ్తే పాఠకుడు వేరే కథ చదువుకుంటాడు.

తెర చినిగిందని మత్తయి, మార్కు, లూకా రాశారు, యోహాను రాయలేదు. మొదటి ఇద్దరూ యేసు ప్రాణం విడిచాక అంటారు, లూకా అంతకు కాస్త ముందే చెబుతాడు. ఎందుకు చినిగిందో ముగ్గురూ విప్పి చెప్పలేదు. తెర అంటే ఆయన శరీరం అన్నది హెబ్రీ పత్రిక 10:20. అక్కడ చినగడం మాటే లేదు. నువ్వు రెంటినీ కలిపేసి ఒకే వచనంలా రాశావు. కలపొచ్చు, సంఘం ఎప్పటినుంచో కలుపుతూనే ఉంది. కానీ కలుపుతున్నది నువ్వని తెలియాలి. ఇంకోటి: యేసు కాలంలో ఉన్న, హేరోదు కట్టించిన ఆలయంలో అతిపరిశుద్ధ స్థలంలో ఏమీ ఉండేది కాదని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. చినిగిన తెర వెనక మందసం మెరిసిందని మాత్రం రాయకు.

‘నేరుగా’ అన్న మాటని పొదుపుగా వాడు. మధ్యవర్తి లేడని కాదు, ఒక్కడే ఉన్నాడని కదా విశ్వాసం. ఎఫెసీ 2:18లో బరువంతా ‘ఆయన ద్వారా’ మీదే ఉంది. ఆ ‘ద్వారా’ జారిపోతే మిగిలేది ఏ మతంవాడైనా ఒప్పుకునే భక్తి. కతోలికులు పూజలో క్రీస్తుని మళ్లీ బలి ఇస్తారన్న వాక్యం కూడా తీసెయ్. వాళ్లు చెప్పేది సిలువ మీది ఆ ఒక్క బలే అక్కడ ప్రత్యక్షమవుతుందని. 1562లో వాళ్ల సంఘ మహాసభ, ట్రెంట్ సభ, చేసిన తీర్మానం చూడు. విభేదిస్తే విభేదించు, వాళ్లు అనని మాట అంటగట్టకు.

గుడారపు సామగ్రి పట్టికలో బల్ల ఉంది, దీపవృక్షం ఉంది, గంగాళం ఉంది. యాజకుడు కూర్చోవడానికి ఆసనం లేదు. హెబ్రీ 10:11–12 చదువు: యాజకుడు రోజూ నిలబడి అవే బలులు అర్పిస్తాడు, ఈయన ఒక్క బలి అర్పించి కూర్చున్నాడు. నీ వ్యాసంలో ఇది లేదు. తాడు తీసేసిన చోట దీన్ని పెట్టు.

— అన్న