మీటరు మీద అనుమానం ఉంటే గడియారం తీయండి

(కరెంటు పనిలో పాఠకుల సందేహాలకు విశాఖ కంచరపాలెంలో మోటార్ల వైండింగ్ షాపు నడుపుతున్న మేస్త్రి జవాబులు)

ప్రశ్న: మాది మర్రిపాలెం. మొన్నటిదాకా మా ఇంట్లో బిళ్ళ తిరిగే పాత మీటరు ఉండేది. అది తీసేసి ఎర్రలైటు కొట్టే కొత్త మీటరు పెట్టారు. అప్పటి నుంచి బిల్లు పెరిగింది. ఒక రాత్రి లైట్లు, ఫ్యాన్లు, ఆఖరికి ఫ్రిజ్ కూడా ఆపి చూశాను. అయినా సుమారు రెండు నిమిషాలకోసారి ఆ లైటు వెలుగుతూనే ఉంది. మీటరు దొంగ లెక్క వేస్తోందా?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ఫ్రిజ్ కూడా ఆపి, లైటు ఎంతసేపటికోసారి వెలుగుతోందో గమనించారు చూడండి, సగం పని మీరే చేసేశారు. మీ మీటరు ముఖం మీద యూనిట్‌కి ఎన్ని ఇంపల్స్‌లో రాసి ఉంటుంది. చాలా మీటర్ల మీద 3200 ఉంటుంది. అంటే ఒక యూనిట్ కరెంటు కాలితే ఆ లైటు 3200 సార్లు వెలుగుతుంది. మీదీ అదే అయితే, 10 వాట్ల వస్తువు ఒక్కటి నడుస్తున్నా గంటకు 32 సార్లు కొడుతుంది. రెండు నిమిషాలకు కాస్త ముందే ఒకసారి అన్నమాట. మీరు చూసింది అదే. టీవీని రిమోట్‌తో ఆపితే సెట్‌టాప్ బాక్సు ఆగదు. వైఫై డబ్బా కూడా అంతే. ఆ 10 వాట్లే రాత్రీ పగలూ నడిస్తే నెలకు 7 యూనిట్లు దాటుతుంది. గోడ మీది స్విచ్చి దగ్గరే వాటిని ఆపి మళ్ళీ చూడండి.

మరి పాత మీటరు దీన్ని ఎందుకు పట్టుకోలేదు? ఆ మీటరు లోపల రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి సన్న తీగతో చాలా చుట్లు చుట్టినది, దాని మీద ఇంటి వోల్టేజి ఉంటుంది. రెండోది లావు తీగతో కొద్ది చుట్లే, ఇల్లంతా వాడే కరెంటు దాని గుండానే పోతుంది. ఈ రెండిటి అయస్కాంత క్షేత్రాలూ కలిసి మధ్యలో ఉన్న అల్యూమినియం బిళ్ళలో ఎడ్డీ కరెంట్లు, అంటే లోహంలోనే సుడుల్లా తిరిగే కరెంట్లు, పుట్టిస్తాయి. అల్యూమినియాన్ని అయస్కాంతం పట్టుకోదు కదా, అయినా ఆ కరెంట్ల బలంతో బిళ్ళ తిరుగుతుంది. బిళ్ళ అంచున ఇంకో అయస్కాంతం ఉంటుంది, అది బ్రేకు. బిళ్ళ ఎంత జోరుగా తిరిగితే అది అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. అందుకే బిళ్ళ వేగం సరిగ్గా మనం వాడే వాట్లకు తగ్గట్టే ఉంటుంది. పాత మీటరు విప్పినప్పుడల్లా దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని చూడాలనిపిస్తుంది నాకు. ఇంత పొందికైన పనితనం ఇంకే ఇంటి సామానులోనూ నేను చూడలేదు.

కానీ బిళ్ళకు ఇరుసు ఉంది. ఏళ్ళ తరబడి తిరిగి ఇరుసు అరుగుతుంది, దుమ్ము చేరుతుంది, బిళ్ళ బరువెక్కినట్టు నెమ్మదిస్తుంది. ఫోన్ చార్జరు, సెట్‌టాప్ బాక్సు లాంటి చిన్న లోడుకు అసలు కదలకపోవచ్చు కూడా. కొత్త మీటరులో తిరిగేది ఏదీ లేదు. వోల్టేజినీ కరెంటునీ కొలిచి చిప్పు గుణించుకుంటుంది, చిన్నదాన్ని కూడా వదలదు. కాబట్టి బిల్లు పెరిగినంత మాత్రాన కొత్తది తప్పని చెప్పలేం. అలాగని మీ అనుమానాన్ని కొట్టిపారేయను. దాన్ని తేల్చుకునే దారి మీ ఇంట్లోనే ఉంది.

ఇంట్లో అన్నీ ఆపేసి, ప్లగ్గులు కూడా తీసేసి, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక్కటే పెట్టండి. దాని చిన్న లైటు వెలుగుతున్నంతసేపూ అది పూర్తి కరెంటు తీసుకుంటున్నట్టు. ఆ సమయంలో గడియారం చూస్తూ మీటరు లైటు ఎన్నిసార్లు కొట్టిందో ఒక నిమిషం లెక్కపెట్టండి. 3200 మీటరు అయితే 53 సార్లు రావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇస్త్రీ పెట్టె మీద రాసిన వాట్లు 230 వోల్టులకు. సాయంత్రం పూట మీ వీధిలో 210 వోల్టులే వస్తుంటే అదే పెట్టె 830 వాట్లే తీసుకుంటుంది, లెక్క 44 దగ్గర ఆగుతుంది. 240 వస్తుంటే 58 దాకా పోతుంది. ఇవేవీ మీటరు తప్పులు కావు. 70 దాటి వస్తే మాత్రం ఊరుకోకండి. అంకెలు, తేదీ, టైము కాగితం మీద రాసి, మీటరు టెస్టు చేయమని ఫీజు కట్టి దరఖాస్తు పెట్టండి. "బిల్లు ఎక్కువొస్తోంది సార్" అన్న మాటకన్నా ఆ కాగితానికి విలువ ఎక్కువ.

ప్రశ్న: గాజువాకలో ఐటీఐ చదువుతున్నాను. తీగను దవడల మధ్య పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో మిక్సీ వైరును పట్టుకుంటే సున్నా చూపిస్తోంది, మిక్సీ మాత్రం తిరుగుతోంది. ఇన్వర్టరు బ్యాటరీ వైరు దగ్గర కూడా సున్నాయే. మీటరు పోయిందా?

జవాబు: పోలేదు బాబూ, రెండు సున్నాలూ సరైనవే. కాకపోతే కారణాలు వేరు. తీగలో కరెంటు పారితే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుందని 1820లో ఓర్‌స్టెడ్ కనిపెట్టాడు. క్లాంప్ మీటరు పట్టుకునేది దాన్నే. మిక్సీ వైరులో ఫేజూ న్యూట్రలూ పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో వెళ్ళిన కరెంటే రెండోదాంట్లో తిరిగొస్తుంది కాబట్టి రెండు క్షేత్రాలూ కొట్టేసుకుంటాయి. ఒక్క తీగనే దవడల మధ్య పెట్టాలి.

బ్యాటరీ సంగతి వేరు. మామూలు క్లాంప్ ఒక ట్రాన్స్‌ఫార్మరే. క్షేత్రం మారుతూ ఉంటేనే కాయిల్లో కరెంటు పుడుతుందని 1831లో ఫారడే తేల్చాడు. బ్యాటరీ ఇచ్చే డీసీ మారదు, అందుకని ఏమీ పుట్టదు. డీసీకి, మారని క్షేత్రాన్ని కూడా పసిగట్టే హాల్ సెన్సరున్న క్లాంప్ కొనాలి. ఇంకొకటి నేర్చుకో. కరెంటు మరీ తక్కువైతే ఆ ఒక్క తీగనే దవడ చుట్టూ 10 చుట్లు తిప్పి, వచ్చిన అంకెను 10తో భాగించు. మా షాపుకి వచ్చే కుర్రాళ్ళకి నేను మొదట చూపించేది ఇదే.

ప్రశ్న: లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గర్లో ఉంటాం. వానపడితే చాలు ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్చి) పడిపోతోంది. ఒక ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి "డైరెక్ట్ చేసేస్తాను" అంటున్నాడు. చేయించమంటారా?

జవాబు: వద్దండీ, దయచేసి వద్దు. పై కుర్రాడికి కనిపించిన సున్నాయే మీ ప్రాణాలకు కాపలా. ఈఎల్‌సీబీలో ఫేజూ న్యూట్రలూ ఒకే ఇనప రింగు గుండా పోతాయి. వెళ్ళినదంతా తిరిగొస్తే రింగులో సున్నా. ఎక్కడో తడి గోడలోకో, ఎవరి ఒంట్లోకో కొంత పోతే సున్నా తప్పుతుంది, రింగు మీది కాయిల్లో కరెంటు పుట్టి స్విచ్చిని పడేస్తుంది. ఇళ్ళలో పెట్టేది సాధారణంగా 30 మిల్లీ యాంపియర్లది. ఎంసీబీ ఈ పని చేయలేదు. షార్ట్ అయితేనో, లోడు ఎక్కువైతేనో అది పడుతుంది గానీ, మనిషిని చంపే కరెంటు దానికి లెక్కలోకే రాదు.

మీ దగ్గర ఉప్పుగాలి బయటి సాకెట్లలో, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ టెర్మినళ్ళ మీద పొరలా పేరుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు ఊరుకుంటుంది, తడిస్తే కరెంటుకు దారి ఇస్తుంది. నేను మొదట చూసేది అవి, తర్వాత గీజరు ఎలిమెంటు. ఎంసీబీలు ఒక్కొక్కటే ఆపి వెతుకుతారు చాలామంది. కానీ మామూలు ఎంసీబీ ఫేజును మాత్రమే తెంపుతుంది. లీకు న్యూట్రల్ వైపు ఉంటే ఎంసీబీ ఆపినా ఈఎల్‌సీబీ పడుతూనే ఉంటుంది. ప్లగ్గులన్నీ ఊడదీసి, తర్వాత ఒక్కొక్కటే పెట్టి చూడమనండి. ఏది పెట్టినప్పుడు పడిందో అదే. ప్లగ్గులన్నీ తీసినా పడుతుంటే లీకు వైరింగ్‌లోనే ఉంది, ఇన్సులేషన్‌ను (తీగ మీది పూతను) మెగ్గరు అనే పరికరంతో పరీక్షించగలిగిన మనిషిని పిలవండి.

ప్రశ్న: మీటరు మీద పెద్ద అయస్కాంతం పెడితే రీడింగ్ తగ్గుతుందని స్నేహితుడు చెప్పాడు. నిజమేనా? (పేరు వేయవద్దు)

జవాబు: పెట్టకండి. ఇప్పటి మీటర్లు చాలావరకు అయస్కాంతాన్ని పసిగట్టి తేదీ, టైముతో సహా దాచుకుంటాయి. కొన్ని అయితే మీరు పూర్తి లోడు వాడుతున్నట్టే లెక్క వేసుకుంటాయి. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఇది దొంగతనం, మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు.

ప్రశ్న: ఉక్కునగరం నుంచి పదో తరగతి అమ్మాయిని. క్రేనుకు కట్టిన అయస్కాంతం ఇనుమును ఎత్తాక ఎలా వదిలేస్తుంది? ఎర్రగా కాలిన ఉక్కును కూడా ఎత్తుతుందా?

జవాబు: మంచి ప్రశ్న తల్లీ, రెండోది మరీ మంచిది. క్రేను అయస్కాంతంలో పెద్ద కాయిల్, మధ్యలో మెత్తని ఇనుము ఉంటాయి. కాయిల్‌లో డీసీ కరెంటు ఉన్నంతసేపే ఆ ఇనుము గట్టిగా పట్టుకుంటుంది, ఆపగానే దాదాపు పూర్తిగా వదిలేస్తుంది. గట్టి ఉక్కును పెడితే అదే అయస్కాంతమై కూర్చుంటుంది, సరుకు సరిగా ఊడదు. సరుకు గాల్లో ఉండగా కరెంటు పోతే ప్రమాదం కాబట్టి ఇలాంటి క్రేన్లకు బ్యాటరీ ఏర్పాటు పెడతారు.

ఇనుమును 770 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటించి వేడి చేస్తే అయస్కాంతం దాన్ని పట్టుకోదు. అంత కాలిన ఉక్కును పట్టుకారులాంటి కొక్కేలతోనో, రోలర్ల మీదనో జరపాలి.

నువ్వు ఇంట్లో చేసి చూడాలంటే పెద్ద ఇనప మేకు, మా లాంటి వైండింగ్ షాపులో దొరికే ఎనామిల్ రాగి తీగ, 1.5 వోల్టుల సెల్లు ఒకటి చాలు. తీగ చివర్ల మీది పూతను గరుకు కాగితంతో గీకెయ్యి. 50 చుట్లకు ఎన్ని గుండుసూదులు అంటుకున్నాయో, 100 చుట్లకు ఎన్నో రాసుకో. తీగ తొందరగా వేడెక్కుతుంది, ప్రతిసారీ కొన్ని సెకన్లే కలుపు. సెల్లుతోనే చెయ్యాలి, ఆ తీగ చివర్లు గోడ ప్లగ్గులో ఎప్పుడూ పెట్టకూడదు.