అప్‌గ్రేడ్ తర్వాత రెండేసి సార్లు కనిపిస్తున్న లావాదేవీలు

జమాఖర్చుల సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వేసుకున్నాక పాత లావాదేవీలు రెండేసి సార్లు నమోదై, ఖాతా నిల్వ బ్యాంకు స్టేట్‌మెంటుతో కలవడం లేదని మీరు రాశారు. దయచేసి వాటిని ఒక్కొక్కటిగా తొలగించడం ఆపండి, అసలు పద్దులు కూడా పోతాయి. నేను అలాగే ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. బ్యాంకు ఇచ్చే ఓఎఫ్‌ఎక్స్ ఫైలులో (లావాదేవీలను సాఫ్ట్‌వేర్‌లోకి దిగుమతి చేసుకునే ఫైలు) ప్రతి లావాదేవీకి ఎఫ్‌ఐటీఐడీ అనే గుర్తింపు ఉంటుంది, దాన్ని బట్టే సాఫ్ట్‌వేర్ పాత పద్దును గుర్తుపడుతుంది కాబట్టి, అప్‌గ్రేడ్‌లో ఆ గుర్తింపులు చెరిగిపోతే మళ్లీ దిగుమతి చేసినప్పుడు పాత పద్దే కొత్తదిగా మళ్లీ చేరుతుంది. మీ విషయంలో అదే జరిగి ఉంటుందని నా అభిప్రాయం. ఇప్పటి ఖాతా ఫైలుకు నకలు తీసి పక్కన పెట్టి, అప్‌గ్రేడ్‌కు ముందరి బ్యాకప్‌ను వేరే పేరుతో తెరిచి, ఏదీ దిగుమతి చేయకముందే అందులోని నిల్వను ఆనాటి స్టేట్‌మెంటుతో సరిచూడండి. సరిపోతే, బ్యాకప్‌లోని చివరి పద్దు తర్వాతి లావాదేవీలను మాత్రమే దిగుమతి చేసుకోండి.