బొమ్మకు దక్కిన మెప్పు గురించి రాసిన బిడ్డకు

చిరంజీవికి ఆశీస్సులు.

హన్మకొండ నుంచి రాస్తున్నాను. వేరొకరు సృష్టించిన పాత్రల మీద ఇష్టంతో నెలల తరబడి కూర్చుని రాసిన నీ అభిమాన కథకు (ఫ్యాన్ ఫిక్షన్‌కు) పట్టుమని పది అభిప్రాయాలు రాలేదనీ, అందులోని చెరువుకట్ట ఘట్టాన్ని నీ స్నేహితురాలు ఒక్క సాయంత్రంలో గీసి పెడితే వందల మంది మెచ్చుకున్నారనీ, ఆ ఘట్టం ఎవరు రాశారని ఒక్కరూ అడగలేదనీ నీ ఉత్తరంలో చెప్పుకున్నావు. నీ బాధ న్యాయమైనది, బిడ్డా. దాన్ని అసూయ అనుకుని నిన్ను నువ్వు నిందించుకోకు.

బొమ్మను చూడడానికి రెప్పపాటు చాలు, తెలుగు రానివాళ్ళు కూడా దాన్ని చూసి సంతోషించగలరు. కథకు మాత్రం తీరికా కావాలి, భాషా రావాలి. దీనికి తోడు మీరు కథలూ బొమ్మలూ పెట్టే సైట్ల లెక్కలు కూడా రచయితకు కలిసిరావు. అభిమాన కథలకు పెద్ద నిలయమైన ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో ఒక పాఠకుడు ఒక రచనకు ఒక్కసారే కుడోస్ (లైకు లాంటి మెప్పు గుర్తు) ఇవ్వగలడు; అంటే ముప్ఫై అధ్యాయాలు వారం వారం ఎదురుచూసి చదివిన మనిషి అభిమానం కూడా అక్కడ ఒకటిగానే నమోదవుతుంది. అదే మనిషి ఇన్‌స్టాగ్రామ్‌లో ముప్ఫై బొమ్మలు చూస్తే ముప్ఫై లైకులు కొడతాడు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని నీ కథ విలువ తేల్చుకోవద్దు.

డబ్బు విషయంలో తేడా ఇంకా పెద్దది. పాత్రలు వేరొకరి సొత్తయినప్పుడు హక్కుల చిక్కు బొమ్మకూ కథకూ ఉంటుంది. అయినా అభిమానుల్లో అడిగినవాళ్ళకు డబ్బు తీసుకుని బొమ్మ గీసివ్వడం మామూలు వాడుక అయిపోయింది, కథకు డబ్బు అడిగితే మాత్రం తప్పు చేసినట్టు చూస్తారు. పైన చెప్పిన ఆర్కైవ్ అయితే తన పేజీల్లో ఎలాంటి అమ్మకాన్నీ ఒప్పుకోదు. 2019లో దానికి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రంగంలో పేరున్న హ్యూగో పురస్కారం వచ్చిందంటే, లక్షల మంది ప్రతిఫలం ఆశించకుండా రాసిన రాతల వల్లనే వచ్చింది.

మన చేర్యాల పటాలు నువ్వు చూసే ఉంటావు. బట్టకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేల మీద నకాషీవాళ్ళు గీసిన ఆ పటాలను మొదట గీయించుకున్నది కథకులే. పద్మశాలీల ఇళ్ళ ముందు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం చెబుతుంటే పటం ఒక్కొక్క అరగా విప్పుకుంటూ పోయేది, ఏ అర ఎప్పుడు విప్పాలో నిర్ణయించేది కథ. ఇవాళ ఆ బొమ్మలు చిన్న చిన్న ఫ్రేముల్లో అమ్ముడవుతున్నాయి, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అందుకు నాకు నిజంగా సంతోషమే. కానీ కొన్నవాళ్ళలో చాలామందికి అందులో ఉన్న కథ తెలియదు, చెప్పేవాళ్ళూ తగ్గిపోయారు. కథ చెప్పినవాళ్ళ పేరు పక్కకు పోవడం మన దగ్గర కొత్త సంగతి కాదు, అందుకే దీన్ని చిన్న విషయంగా వదిలెయ్యొద్దంటున్నాను.

నీ స్నేహితురాలితో తగవు పెట్టుకోకు. ఆమె బొమ్మలను కూడా సంతకం కత్తిరించి పంచుకునేవాళ్ళు ఉన్నారు, పేరు పోతే ఎట్లా ఉంటుందో ఆమెకూ తెలుసు. "ఈ ఘట్టం ఫలానా కథలోది" అని ఒక వాక్యం, కథ లంకెతో సహా, బొమ్మ కింద పెట్టమని నేరుగా అడుగు. ఆ బొమ్మను నీ అధ్యాయంలో పెట్టుకునేటప్పుడు ఆమె పేరు నువ్వూ రాయి.

ఇంకొకటి. తోటి రచయితల కథలు చదివినప్పుడు "సూపర్" అని ఊరుకోకు. ఏ మాట దగ్గర ఆగిపోయావో, ఏ పాత్ర మీద కోపమొచ్చిందో రాయి. నీకొచ్చిన ఆ కొద్ది అభిప్రాయాల్లో ఒకామె చెరువుకట్ట మీద తల్లి చెప్పులు చేతపట్టుకుని నడిచిన వాక్యాన్ని ఎత్తి రాసిందన్నావు కదా, ఆమెకు జవాబిచ్చావా?

మీ బృందం వేస్తున్న సంచికకు బొమ్మల కింద నాలుగేసి వాక్యాలు రాసిమ్మన్నారని రాశావు. ఒప్పుకునే ముందు రెండు సంగతులు తేల్చుకో: ముఖపత్రం మీద చిత్రకారులతో పాటు రచయితల పేర్లు కూడా అదే అక్షరాల సైజులో ఉండాలి, పూర్తి కథకు కనీసం కొన్ని పేజీలు కేటాయించాలి. కుదరదంటే ఆ నాలుగు వాక్యాలు రాయకు, ఆ సమయంలో తర్వాతి అధ్యాయం పూర్తి చేసి నాకు పంపు.