నవోదయ సీటు రాకపోతే?

ప్రశ్న: మా పాప ప్రభుత్వ బడిలో అయిదో తరగతి. నవోదయ (కేంద్ర ప్రభుత్వ వసతి బడి) పరీక్ష రాసింది, సీటు రాలేదు. మా ఆడబిడ్డ కొడుక్కి వచ్చింది. 'మీ పాపకు లెక్కలు రావా?' అని అందరూ అడుగుతున్నారు. మళ్లీ అయిదులోనే ఉంచి రాయిద్దామంటున్నారు మా ఆయన. చేయొచ్చా?
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: వద్దమ్మా. ఆరో తరగతి ప్రవేశానికి నవోదయ పరీక్ష ఒక్కసారే. ముందు రాసినవాళ్లకు రెండోసారి అర్హత లేదు. ఏడాది వృథా అవుతుంది, అంతే.

లెక్కలు రావన్న మాట ఎవరన్నారో గానీ, పేపరు చూసి అన్నది కాదు. మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. అందులో 40 ప్రశ్నలు బొమ్మల మీదే: వేరుగా ఉన్న బొమ్మ ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది వంటివి. లెక్కలు 20, భాష 20. బొమ్మల ప్రశ్నలు బడి పుస్తకాల్లో పెద్దగా ఉండవు కాబట్టి నెలల తరబడి సాధన చేసినవాళ్లకే అక్కడ మార్కులు. ఓఎంఆర్‌లో, అంటే గుండ్రాలు దిద్దే జవాబు పత్రంలో, ఒక్క వరుస తప్పి దిద్దితే తర్వాతవన్నీ పోతాయి. పదేళ్ల పిల్లలకు ఇది మామూలే. పైగా ఒక్కో విద్యాలయంలో ఉండేవి 80 సీట్లు. గ్రామీణులకు కనీసం 75 శాతం, ఆపైన ఆడపిల్లల కోటా, రిజర్వేషన్లు. ఆ అబ్బాయితో పోలిక ఎలా కుదురుతుంది?

లెక్కల సంగతి తేల్చుకోవాలంటే పాత పేపరులోని ఆ 20 ప్రశ్నలు 30 నిమిషాల్లో చేయించండి. తప్పుల్ని మూడు కుప్పలు చేయండి: తెలియనివి, తెలిసీ తొందరలో పోయినవి, టైం చాలక వదిలేసినవి. మొదటివి ఎక్కువైతే నాలుగో తరగతి పుస్తకం నుంచి ఆ పాఠం మళ్లీ చెప్పించాలి. చాలామందికి భిన్నాల దగ్గరే చిక్కు. చివరివి ఎక్కువైతే ఎక్కాలు నోటికి రాలేదన్నమాట. తొందర తప్పులకు ట్యూషన్ దండగ. ప్రశ్న రెండుసార్లు చదివాకే పెన్సిల్ పట్టమనండి.

దారులు మూసుకుపోలేదు. తొమ్మిదిలో ఖాళీలుంటే నవోదయ మళ్లీ పరీక్ష పెడుతుంది. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది: ప్రభుత్వ బడి, కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షల లోపు అయితే రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు.

ప్రశ్న: మావాడు ఏడో తరగతి. వారం టెస్టులో 40కి 31 నుంచి 33కి పెరిగాడు, ర్యాంకు మాత్రం 18 నుంచి 42కి పడింది. ఎందుకు?
– ఒక తండ్రి, తిరుపతి

జవాబు: పేపరు సులువుగా వచ్చి ఉంటుంది, అందరికీ మార్కులు పెరిగాయి. 40 మార్కుల టెస్టులో ఒకే మార్కు దగ్గర పదిమంది ఉండడం వింత కాదు. ఒక్క ప్రశ్న పోతే పది ర్యాంకులు గల్లంతు. ర్యాంకు కింద పర్సంటైల్ వేస్తే అదీ మార్కుల శాతం కాదు: 88 అంటే రాసినవాళ్లలో నూటికి 88 మంది అతనితో సమానంగానో వెనకో ఉన్నారని. ఈసారి పేరెంట్స్ మీటింగులో ర్యాంకు అడక్కండి. తరగతి సగటు ఎంతో అడిగి, దిద్దిన పేపరు ఇంటికి తెచ్చుకోండి.