నీళ్ల ట్యూబ్ కూడా పసుపు రంగుకు తిరిగితే

రొయ్యల్లో వైట్ స్పాట్ వైరస్ కోసం చెన్నైలో మీరు కట్టిన లాంప్ (LAMP: ఒకే వేడి మీద వైరస్ డీఎన్‌ఏకు కాపీలు తీసే పరీక్ష; వైరస్ ఉంటే గులాబీ రంగు పసుపవుతుంది) పెట్టెలో, శాంపిల్ వేయని నీళ్ల ట్యూబ్ కూడా పసుపు రంగుకు తిరుగుతోందన్నారు. వేడి 65 డిగ్రీల దగ్గర నిలకడగా ఉందంటున్నారు కాబట్టి పెట్టెను అనుమానించకండి.

వేడి చేయకముందే గులాబీ రంగు వెలిసిపోతోందా? అయితే తప్పు నీళ్లదే. రంగు మార్చే ఫినాల్ రెడ్ చూసేది వైరస్‌ను కాదు, ఆమ్లతను. మూత తీసి ఉంచిన నీళ్లు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి. ఈ మిక్స్‌లో (పరీక్ష ద్రవంలో) ఆమ్లత మారకుండా ఆపే బఫర్ బాగా తక్కువ, ఆ కాస్తకే రంగు మారుతుంది. కొత్త సీసా తెరిచి చూడండి.

వేడి చేశాకే మారుతుంటే నా అనుమానం కంటామినేషన్ (పాత పరీక్షల కాపీలు వచ్చి కలవడం) మీదే. పాజిటివ్ వచ్చిన ట్యూబ్ మూత అదే బల్ల మీద తీశారా, ఇక అంతే సంగతులు! కంటికి కనపడని తుంపరలోనే లెక్కలేనన్ని కాపీలుంటాయి, పైగా నెత్తిన ఫ్యాను. జెల్ వేయాలంటే (కాపీలను జెల్ మీద సరిచూడాలంటే) ట్యూబ్‌ను వేరే గదిలో తెరవండి. పాత ప్రైమర్లు (కాపీని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు), పిపెట్ టిప్పులు మొహమాటం లేకుండా పారేయండి. డీయూటీపీ (కాపీల్లో గుర్తుగా చేరే ముక్క), యూడీజీ (ఆ గుర్తున్న కాపీలను కోసే ఎంజైమ్) ఉన్న మిక్స్ దొరికితే ఇంకా మేలు, ఆ మిక్స్‌తో తీసిన పాత కాపీలను అదే కోసేస్తుంది.

బాగా ఆలస్యంగా, 40 నిమిషాలు దాటాక మారితే మాత్రం ప్రైమర్లే ఒకదానికొకటి అతుక్కుంటున్నాయేమో. 30 నిమిషాలకే ఆపి రంగు చూడండి.