మెడ ఎముక విరిగితే ఆపరేషన్ చేయించవచ్చా? కాళ్లు చేతులు పడిపోతాయంటున్నారు

బైకు మీద నుంచి పడిన మీ తమ్ముడికి డాక్టర్లు ఆపరేషన్ చేయాలంటుంటే, ‘మెడ మీద కత్తి పెడితే ఇక మంచమే’ అని బంధువులు అడ్డుపడుతున్నారని రాశారు. చేయించండి. ఇదే మాట విని మేము ఒక రోజంతా పోగొట్టుకున్నాం.

మా బావ గీత కార్మికుడు. ఊరు జనగామ దగ్గర. 2022 వేసవిలో చెట్టెక్కే తాడు, మోకు జారి తాడిచెట్టు మీద నుంచి పడ్డాడు. చేలల్లో ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చి, ఒకరు చంకల కింద చేతులు వేసి, మరొకరు కాళ్లు పట్టి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. గతుకుల బాట. తల ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి వాలుతూనే ఉంది. ‘పడ్డప్పుడు వేళ్లు ఆడాయి, ఆటో దిగేసరికి ఆడలేదు’ అని బావ ఇప్పటికీ అంటాడు. జనం ఆపరేషన్ మీద వేసే నింద నిజానికి ఆ ఆటో ప్రయాణానిది. తలకు అటూ ఇటూ తువ్వాళ్లు చుట్టిపెట్టి, 108 వచ్చేదాకా కదపకుండా ఉంచాల్సింది.

మొదట చూపించిన చోట ఎక్స్‌రే తీసి, మెడ బెణికిందని మందులిచ్చి పంపారు. పక్క నుంచి తీసే ఎక్స్‌రేలో కింది మెడపూసలకు భుజాలు అడ్డొస్తాయి. వరంగల్ వచ్చి సీటీ స్కాన్ తీయిస్తే, ఆరో పూస ఏడోదాని మీద నుంచి ముందుకు జారి ఉంది.

చెవుల పైన వెంట్రుకలు తీసి, పుర్రెకు ఇనుప పటకారు లాంటిది బిగించి, జారిన పూస దారికి రావాలని తలవైపు కప్పీ మీదుగా బరువులు వేలాడదీశారు. ఆ బరువు మంచానికి ఆనితే లాగుడు పోతుందని నర్సమ్మ చెప్పింది. అక్క ఆ రాత్రి కునుకు తీయలేదు. గంటకోసారి వంగి, బరువు కింద చేయి పెట్టి చూసేది. పరామర్శకు వచ్చినవాళ్లు మాత్రం అదే మంచం పట్టుకుని, ఆపరేషన్ తర్వాత పోయినవాళ్ల కథలు చెప్పారు. బావ అన్నీ వింటూ పైకప్పు చూస్తూ పడుకున్నాడు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

‘ఎముక వెనక ఉంటే కోత ముందెందుకు సార్?’ అని అక్క అడిగింది. అన్నవాహికను, శ్వాసనాళాన్ని పక్కకు జరిపితే నేరుగా పూస దగ్గరికి చేరవచ్చని డాక్టరు బొమ్మ గీసి చూపించారు. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు నలిగిపోతే దాన్ని తీసేసి, తుంటి నుంచి తీసిన ఎముక ముక్కను ఆ సందులో పెట్టి, టైటానియం ప్లేటుతో బిగించారు. ఆరోగ్యశ్రీ కింద అయింది. కొన్నాళ్లు గొంతు బొంగురుపోయింది, మింగడం కష్టమైంది. మెడ కంటే తుంటే ఎక్కువ నొప్పి పెట్టిందన్నాడు.

చచ్చిన నరాన్ని ఆపరేషన్ బతికించదు. వెన్నుపాము మీద ఒత్తిడి తీసి, ఎముకను కదలకుండా నిలబెడుతుంది. అందుకే స్పర్శ మిగిలి ఉన్నవాళ్లకు ఆలస్యం చేయకూడదు. బావకు కాళ్లలో స్పర్శ ఉండేది. ఆర్నెల్ల ఫిజియోథెరపీ తర్వాత కర్ర లేకుండా నడిచాడు. ఎడమచేతి రెండు వేళ్లు ఇప్పటికీ సరిగా మూసుకోవు. చొక్కా గుండీలు అక్కే పెడుతుంది. చెట్టెక్కడం మానేశాడు. 2024లో ప్రభుత్వం గీత కార్మికులకు చెట్టు మీద నుంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం ఇవ్వడం మొదలుపెట్టాక, అది వేసుకోవడం నామోషీ అనుకునే కుర్రాళ్లకు తన చేయి చూపించి నచ్చజెబుతుంటాడు.

మీ తమ్ముడి కాలివేళ్లు కదులుతున్నాయని రాశారు. మరి సంతకం పెట్టడానికి ఇంకా ఎవరి అనుమతి కోసం చూస్తున్నారు?